లాలో పేరు మీద గీత

ఒకప్పుడు గ్యాంగులో తిరిగిన ఆ కవి, అచ్చుకి పంపబోయే కవితని చచ్చిపోయిన స్నేహితుడి తల్లికి చదివి వినిపించాడు. తూర్పు లాస్ ఏంజిల్స్‌లోని తన వంటింట్లో, పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిప్పుతూనే ఆవిడ అంతా విన్నది.

"మా లాలో పేరు తీసెయ్‌రా. వీరుణ్ణి చేసి కూర్చోబెట్టావు. వాడు పదిహేడేళ్ల వెధవ, అంతే."

"సరే పిన్నీ." అతను కలం తీసి ఆ పేరు మీద పెట్టాడు.

"గీత కొట్టకు!"

అతని చెయ్యి ఆగిపోయింది.

"మన వీధి గోడ మీద వాడు రాసుకున్న పేరుకి, చంపుతామని అవతలి వీధివాళ్లు గీత కొట్టింది మంగళవారం. శుక్రవారానికల్లా వాణ్ణి కాల్చి చంపేశారు. మర్చిపోయావా?"

"లేదు. వేరే కాగితం మీద తిరగరాస్తాలే."

"వాళ్ల గోడ మీద నువ్వూ కొట్టావా?"

"కొట్టాను."

"ఎంతమందికి?"

"ముగ్గురికి."

"ఉన్నారా?"

"ఒకడున్నాడు. చక్రాల కుర్చీలో."

ఆవిడ రొట్టె తీసి అతని పళ్లెంలో వేసింది.

"పోయిన ఇద్దరి పేర్లూ ఇందులో ఉన్నాయా?"

"లేవు పిన్నీ."

"లాలోని తీశాక అక్కడ ఖాళీ ఉంటుందిగా, వాళ్లని రాయి. తిను, చల్లారిపోతోంది."