మైకు బావ ఎంచిన సైలెన్సర్

మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషికి మైకు అవసరం లేకపోవడం ఎక్కడైనా ఉందా అంటే, మన మైకు బావ దగ్గర ఉంది. టీకొట్టు బల్ల మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడంటే చాలు, దారిన పోయేవాళ్ళు కూడా ఒక టీ చెప్పి నిలబడిపోతారు. ఆ బల్ల మీద అతని పక్క చోటు మాత్రం మామగారిది. పెళ్ళైన నాటి నుంచీ సాయంత్రం కాగానే పెద్దల్లుడి స్కూటర్ వెనక ఎక్కి రావడం, సరిగ్గా వినబడే చెవిని అల్లుడి వైపు తిప్పుకుని అతను కోసే ప్రతి కోతకూ తలూపడం ఆయన అలవాటు. ఈ మధ్య ఆ చోటు ఖాళీగా ఉంటోంది.

దానికి కారణం తోడల్లుడేనని మైకు బావ నమ్మకం. పళ్ళ డాక్టరైన ఆ చిన్నల్లుడు ఎక్కడి నుంచో ఒక పాతకాలపు స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఎర్రది, రెండే సీట్లు. మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పుకొచ్చాడు. సైలెన్సర్ తుప్పుపట్టి, రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగినా సరే, వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. మామగారు పిల్లాడిలా నవ్వారు. ఆ నవ్వు చూసి మైకు బావకు కడుపు మండిపోయింది. ఒక సీటు తోడల్లుడిది, రెండోది మామగారిది, మరి తన చోటు ఎక్కడ?

మర్నాడే పంతం పట్టి తన స్కూటర్‌కి మెరిసిపోయే కొత్త సైలెన్సర్ వేయించాడు. పాతదానికి చిల్లు పడి ఊరంతా మోగేది. ఇప్పుడు బండి వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు. తీరా సాయంత్రం వెళ్ళేసరికి మామగారు గేటు దగ్గర లేరు. కారెక్కి షికారుకి పోయుంటారనుకుని, లోపలికి వెళ్ళి పిలవడానికి మనసొప్పక, అలాగే వచ్చేశాడు. అప్పటి నుంచి రోజూ అదే వరస.

ఇవాళ టీ తాగుతూ తాగుతూ టైలరు కావాలనే కదిపాడు. "ఏం బావా, మీ తోడల్లుడి కారు చప్పుడు ఈ మధ్య వినబడటం లేదేంటి?"

తెలియదని చెప్పడం మైకు బావ ఒంట్లో లేదు. అందులోనూ ఆ కారు గురించి తెలియదనడం మరీ చిన్నతనం.

"ఎలా వినబడుతుంది? ఆ గోల మాన్పించింది నేనేగా. పాపం, పళ్ళ డాక్టరు నా దుకాణానికొచ్చాడు. అన్నయ్యా, మార్కెట్లో పదిరకాల సైలెన్సర్లున్నాయి, ఏది పెడితే ఈ కారు కారులా మాట్లాడుతుందో నీ చెవికి తప్ప ఎవరికీ తెలియదు అన్నాడు. సరే, తోడల్లుడు కదా, కాదనలేం కదా. గొట్టాలన్నీ వరసగా పేర్పించి ఇదిగో ఇలాంటి టీ చెంచాతో ఒక్కొక్కటే తట్టాను. లావు గొట్టం పెడితే ఖాళీ బిందెలో మాట్లాడినట్టుంటుంది, సన్నది పెడితే కారుకి జలుబు చేసినట్టుంటుంది, ఆ మధ్యలో ఒక్కటుంది చూడు, తట్టగానే నా దుకాణంలో కరెంటు లేకపోయినా స్పీకర్లన్నీ 'ఊఁ' అన్నాయి."

"కరెంటు లేకుండానా?" అన్నాడు టైలరు.

"అదే కదా నేను చెప్పేది. ఆ గొట్టం బిగించి, వంపు దగ్గర వేలెడంత కోయించి తాళం తిప్పమన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు దుకాణం షట్టరు దానంతటదే పైకి లేచింది. ఎదురింట్లో ఆగిపోయిన గోడగడియారం నడిచింది. డాక్టరు క్లినిక్‌లో కదలని పన్ను ఒకటి నెల నుంచి ఆయన్ని ఏడిపిస్తోందట, పట్టకారు తగలకుండానే ఊడి పేషెంటు చేతిలో పడింది."

"మరి అంత మోత మా వీధికి రాలేదే?"

"రోజంతా మిషను తొక్కేవాడివి, నీకేం వినబడుతుంది? పైన పోతున్న విమానం వాళ్ళకి వినబడింది. పైలట్ వెనక్కి తిప్పుకొచ్చి మన నెత్తి మీద ఆపేశాడు. గాల్లోనే. లోపలున్నవాళ్ళు కిటికీల్లోంచి ఆ సైలెన్సర్ ఎంచిందెవరు అని అడిగితే, డాక్టరు తలొంచుకుని నన్ను చూపించాడు."

టీకొట్టాయన నవ్వబోయి, మైకు బావ వీపు వెనక ఎవరినో చూసి, నవ్వు మింగేసి కళ్ళతో ఏదో సైగ చేశాడు. ఊపులో ఉన్న మైకు బావ అదేం పట్టించుకోలేదు. అసలు చెప్పాలనుకున్న మాట ఇప్పుడే నోటిదాకా వచ్చింది.

"అదంతా ఒకెత్తు. మా మామయ్య ఉన్నారే, పక్కన నిలబడి పిలిచినా పలకరు, అలాంటిది నాలుగు వీధుల అవతల ఆ మోత విని బూట్లు తొడుక్కుని గేటు దాకా పరుగెత్తుకొచ్చారు. వచ్చి ఏమన్నారో తెలుసా? ఇది మా పెద్దల్లుడి పనితనం, చిన్నవాడికి కారుంటే ఉండొచ్చుగానీ ఇంత చెవి ఎక్కడిది అన్నారు." ఆ చివరి మాటలో అసూయ ఎంతో, ఆశ ఎంతో అతనికే తెలియలేదు.

"అంతా బాగుంది అల్లుడూ," అన్నారు వెనక నుంచి మామగారు. "ఆ కారుకి అసలు సైలెన్సరే లేదు."

టైలరు నోట్లో టీ బయటికి చిమ్మింది. మామగారు చెమట తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. నడిచి వచ్చారని చూస్తేనే తెలుస్తోంది. ఆ రోజు తిప్పిన మర్నాడే పాతది ఊడదీశారని, కారు షెడ్డులోంచి కదల్లేదని, చిన్నల్లుడు రెండు సైలెన్సర్లు ముందేసుకుని అన్నయ్య వచ్చి విని చెప్తేగానీ బిగించనని కూర్చున్నాడని ఆయన చెప్పుకొచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. మైకు బావ గాలి తీసిన ట్యూబులా కూర్చున్న చోటే కూలబడ్డాడు.

"బూట్లు తొడుక్కున్న మాట మాత్రం నిజం," అన్నారు మామగారు. "రోజూ తొడుక్కునే కూర్చుంటున్నాను. నీ స్కూటర్ మలుపు తిరిగితే నా చెవికి కూడా తెలిసేది. లేచి గేటు దగ్గరికి వచ్చేవాణ్ణి. ఈ మధ్య ఆ మోతే లేదు. నువ్వు రావడం మానేశావనుకున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. మైకు బావ అవతల నిలబెట్టిన స్కూటర్ వైపు, దాని మెరిసే కొత్త సైలెన్సర్ వైపు చూశాడు. తన చేతులతో తనే చేసుకున్న పని. సిగ్గుతో తల వాలిపోయింది.

"పాతది పారేశావా?"

"లేదు మామయ్యా. దుకాణంలో స్పీకర్ల వెనక పడుంది."

"రేపు అదే పెట్టించుకో. అది పెట్టుకుని వచ్చాక, ఇద్దరం వెళ్ళి వాడి కారు సంగతి చూద్దాం."

ఆయన తన చోట కూర్చున్నారు. టీకొట్టాయన అడక్కుండానే రెండు టీలు పెట్టాడు. మామగారు ఒక గుక్క తాగి, సరిగ్గా వినబడే చెవిని అల్లుడి వైపు తిప్పారు.

"ఆ విమానం దగ్గర నాకు సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పు."