రెండో డిస్కు

మంగళగిరిలో మగ్గాల షెడ్డు పక్కగది. డిజైన్లు దాచే పాత లైనక్స్ సర్వర్ మూత విప్పి కూర్చుంది అక్క. తమ్ముడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాన్న గీసిన చీర అంచులన్నీ ఉన్న డిస్కు పాడైపోయిందిరా. అది పోతే పనికొస్తుందనే రెండోదానిలో కాపీ పెట్టాను. అదేది?"

"నేనే తీశానక్కా, దసరాకి. కెమెరాల రికార్డరుకి కావాల్సొచ్చింది. ఒక్కదాంతో నడుస్తోంది కదా అనుకున్నా."

"డిస్కు లేదని సర్వర్ నుంచి నాకు మెయిల్ రావాలే."

"ఆ మెయిళ్లు ఆపేశాను."

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"కెమెరాలు దొంగల కోసమన్నావు. మరి కెమెరా నా మగ్గం మీదికే తిరిగి ఉందేంటి?"

"నాన్న డిజైన్లు బయటివాళ్లకి అమ్ముతున్నావని ఎవరో అన్నారు."

"నమ్మావా?"

అతను లోపలికొచ్చి, కింద పడ్డ స్క్రూ తీసి ఆమె పక్కన పెట్టాడు.

"ఆ డిస్కులో డిజైన్లు మిగిలాయా?"

"రికార్డరులో పెట్టేటప్పుడే కెమెరావాళ్లు అన్నీ చెరిపేశారక్కా. ఇప్పుడందులో నువ్వే ఉన్నావు. నేస్తూ."

వేలాడుతున్న కేబుల్‌ని ఆమె లోపలికి తోసి, మూత బిగించింది.

"ఇన్నాళ్లూ చూశావుగా. అమ్మానా?"

"లేదక్కా."

"ఆ ఒక్కమాట నన్నడిగితే చెప్పేదాన్ని కదరా."