మార్కండేయులు గారి ప్రశ్న, నారాయణ కన్ను

1994 జూలై 4వ తేదీన కోరుట్లలోని మన రోగనిర్ధారణ కేంద్రంలో ఎక్స్‌రే సహాయకులుగా చేరిన శ్రీ మార్కండేయులు గారు, మూడు దశాబ్దాలకు పైబడిన అవిశ్రాంత సేవ అనంతరం, నేడు జగిత్యాల ప్రధాన శాఖలో ఎం.ఆర్.ఐ. విభాగ ముఖ్య సాంకేతిక నిపుణులుగా పదవీ విరమణ చేస్తున్నారు. సిరిసిల్ల మరమగ్గాల మధ్య పెరిగినవారు కనుక స్కానింగు యంత్రం ఎంత మోత పెట్టినా వారు చలించలేదు. వారిని కదిలించింది ఒక పిన్నీసుల గుత్తి.

2013లో, యంత్రం వచ్చిన కొత్తలో, బాలవ్వ అనే పెద్దావిడను ఒంటిమీద ఇనుమేమైనా ఉన్నదా అని వారు అడిగారు. "ఇనుమెక్కడిది కొడుకా, అంత బంగారమే" అన్నది ఆమె. పుస్తెలతాడు బంగారమే గాని, ఏళ్ల తరబడి దానికి వేలాడుతున్న పిన్నీసులు ఆమెకూ గుర్తులేవు, వీరికీ తట్టలేదు. గదిలో అడుగుపెట్టగానే అవి తాడును యంత్రంలోని అయస్కాంతం వైపు గుంజాయి. ఆమెకు దెబ్బ తగలలేదు గాని, ఆనాడు మార్కండేయులు గారికి అన్నం సహించలేదు.

"ఆమె అబద్ధమాడలే. నేనే సక్కగ అడుగలే" అన్నారు. స్కాను జరుగకున్నా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుందని ప్రతి కొత్త ఉద్యోగికీ చెప్పారు. పుస్తెలతాడు తీయడానికి మనసొప్పని వారికోసం పసుపుకొమ్ము కట్టిన దారాలు సొరుగులో సిద్ధం చేశారు. ఇనుము ఉన్నదా అని అడగడం మాని, రోగుల బతుకు గురించి అడగసాగారు. పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని ఆరాలు తీయరని మనమందరం వారిని ఆటపట్టించాం.

2019లో, గల్ఫ్ నుండి సెలవు మీద ఇంటికొచ్చిన నారాయణ నడుంనొప్పితో మెట్‌పల్లి నుండి వచ్చాడు. స్కానుకు ముందు నింపే పత్రంలోని ప్రశ్నలన్నిటికీ లేదనే రాశాడు.

"గల్ఫ్‌ల ఏం పని జేస్తవు తమ్మీ?"

"ఇనుప దర్వాజలు గ్రైండింగ్ జేస్త సారు."

"కండ్లల్ల ఎన్నడన్న రవ్వ పడ్డదా?"

"పడ్డది. గదెప్పుడో పోయింది. ఎల్లుండి ఫ్లైటున్నది, జెల్ది కానియ్యి."

"ఫ్లైటు ఇంకోటి దొరుకుతది" అంటూ మార్కండేయులు గారు అతణ్ణి ముందు కంటి ఎక్స్‌రేకు పంపారు. కుడికంటిలో సన్నని ఇనుప రవ్వ కనబడింది. ఎం.ఆర్.ఐ. గదిలోకి వెళ్లి ఉంటే అయస్కాంతం దాన్ని కదిలించేది, చూపు పోయినా పోయేది. నడుముకు అయస్కాంతం లేని సి.టి. స్కాను తీసి, అతణ్ణి కంటి వైద్యుని వద్దకు పంపారు. ఫ్లైటు తప్పిందని నారాయణ గొణుక్కుంటూనే వెళ్లాడు.

కంటిలోని రవ్వ తీయించుకున్న అతడే, మూడేళ్ల తరువాత ఒక స్టీలు చేతిగడియారం తెచ్చాడు. "కొలువుల ఉన్నన్ని దినాలు నా చేతికి ఇనుము వద్దు తమ్మీ. దిగినంక నువ్వే పెడుదువు" అని వారు దాన్ని పెట్టెలో దాచారు. సెలవు మీద వచ్చిన నారాయణ ఈ సభలో ఆ మాట నిలబెట్టనున్నాడు.

మార్కండేయులు గారూ, ఆ గడియారం మీ చేతికి కలకాలం అలంకారమై, మీకు ఆయురారోగ్యాలతో నిండిన సుదీర్ఘ జీవితాన్ని చూపాలని మా అందరి ఆకాంక్ష. ఈ రోజు దానిలో సమయం చూసి చెప్పేది మాత్రం నారాయణ, తన కుడికంటితో.