మెత్తబడ్డ చేను

మంచు విడవని వరిచేను గట్టు మీద, నిన్ననే ఆసుపత్రి నుంచి వచ్చిన మామగారి పక్కన కోడలు తలవంచుకుని నిలబడింది.

"మీరు లేరన్న భయంతో యూరియా రెండింతలు చల్లాను మామయ్యా. చేను నల్లగా నిగనిగలాడితే మురిసిపోయాను. ఇప్పుడు గాలి తగిలితే చాలు, ఒరిగిపోతోంది."

"నత్రజని ఎక్కువైతే అంతేనమ్మా. ఏపుగా పెరుగుతుంది గానీ కాడ మెత్తబడుతుంది."

"ఇక పోయినట్టేనా?"

"ఇంకా పొట్టకు రాలేదుగా. యూరియా ఆపేసి పొటాష్ వేద్దాం. కాడ గట్టిపడుతుంది, తిన్నది ఒంటబడుతుంది."

"తిడతారనుకున్నాను."

"ఆసుపత్రిలో కళ్లు మూస్తే చాలు, ఎండిపోయిన చేనులో నడుస్తున్నట్టుండేది. ఈ మంచులో ఇంత పచ్చదనం చూస్తుంటే ఇదే కలలా ఉంది. మొత్తం నువ్వొక్కదానివే చల్లావా?"

"ఊఁ."

"అయితే పొటాష్ కూడా నువ్వే చల్లు. నేనిక్కడ కూర్చుని చూస్తుంటాను."