రాతిగనిలో సగం

చిత్తూరు కోర్టు వరండాలో కేసు పిలుపు కోసం కాచుకున్న ఇద్దరి మాటలివి. ఆమె భర్త, అతను భాగస్తులుగా కంపెనీ పెట్టి రాతిగని లీజుకు తీసుకున్నారు. భర్త పోయి ఏడాదైంది. ఆయన భాగం కోసం ఆమె కేసు వేసింది.

“వదినా, అన్నతోనే మా కంపెనీ పొయ్యింది. భాగస్తుడు పోతే కంపెనీ రద్దయినట్లేనని చట్టంలోనే ఉండాది. నీకింక భాగం యాడిది?”

“లీజు ఎవరి పేరన ఇచ్చినారు, మరిదీ?”

“కంపెనీ పేరనే.”

“లేని కంపెనీ పేరన నిన్నటిదాకా రాళ్లెట్ల కొట్టించినావు?”

అతను తన వకీలు కోసం అటూ ఇటూ చూశాడు.

“ఏమబ్బా, గొంతెండిందా? సోడా తాగుతావా?”

“లోపల ఈ మాట అనొద్దు వదినా. లీజు రద్దు చేస్తారు, గని ఇద్దరికీ పోతాది.”

“పోతే పోనీ. నా చేతిలో ఇప్పుడేముండాది, పోయేదానికి?”

“సగం రాసిస్తా.”

“నేను మీ ఇంటికొచ్చి అడిగినప్పుడే ఇచ్చింటే ఈ మెట్లెక్కేదాన్ని కాదు. ఇప్పుడు నాతో కాదప్పా, జడ్జితో చెప్పు. పద, పిలస్తా ఉండారు.”