ఆరువందల పధ్నాలుగో పేజీ

బస్సు డిపో గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో రెండు బల్లలూ ఒక స్టూలూ ఉన్నాయి. బల్లల మీద ఎవరైనా కూర్చోవచ్చు గానీ ఆ స్టూలు మాత్రం బుక్కుల మావయ్యది. ఆయన దాని మీద కాలు మీద కాలు వేసుకుని, టీ గ్లాసుని అరచేతిలో ఒక్కసారి తిప్పాడంటే చాలు, డ్రైవర్లూ కండక్టర్లూ మాటలు ఆపి దగ్గరికి జరుగుతారు. ఇంక కోతలు మొదలన్నమాట.

ఆయనకి ఆ పేరెలా వచ్చిందో ముందు చెప్పాలి. డిపో ఆఫీసు మేడమీద గదిలో ఒక సర్వరు ఉంది. సర్వరంటే మరేం లేదు, ఆఫీసులోని చిన్న కంప్యూటర్లన్నీ ఏం కావాలన్నా వెళ్ళి అడిగే పెద్ద కంప్యూటరు. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో చెప్పే డ్యూటీ చార్టు దాని కడుపులోనే ఉంటుంది. ఆ పెట్టెలో ఇంటిపెద్దలాంటి ప్రోగ్రాము ఒకటి కూర్చుని, ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరి సామాను ఏ అరలో పెట్టాలి, ఎవరి పని ముందు కానివ్వాలి అని అజమాయిషీ చేస్తుంటుంది. దాన్నే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇంటిపెద్ద కదా, అలకలూ ఎక్కువే. అలిగినప్పుడు ఎలా దారికి తేవాలో చెప్పే పుస్తకాలు మూడు సంపుటాలు, ఒక్కోటీ ఇటుకంత లావు, మొత్తం కలిపి పన్నెండు వందల అరవై పేజీలు, మిషనుతోపాటే వచ్చాయి. వాటిని ఇనప బీరువాలో పెట్టి, ఆ తాళంచెవిని ఎర్ర దారంతో చొక్కా గుండీకి కట్టుకుని పదహారేళ్ళు తిరిగాడు కాబట్టి ఆయన బుక్కుల మావయ్య.

పోయిన సోమవారం ఆయన్ని స్టోర్సుకి మార్చారు. ఇప్పుడాయన టైర్లు లెక్కపెడుతున్నాడు. మేడమీద గది కొత్తమ్మాయికి ఇచ్చారు. కొత్తమ్మాయి అంటే పరాయిది కాదు, ఆయన సొంత అక్క కూతురే. మేనకోడలికి గది అప్పగించాడు, కుర్చీ అప్పగించాడు, కిటికీలో మొక్కకి నీళ్ళెప్పుడు పొయ్యాలో కూడా చెప్పాడు. తాళంచెవి మాత్రం గుండీకే ఉంది. అడిగితే, “పుస్తకాలెందుకే, నడిచే పుస్తకాన్ని నేనుండగా?” అన్నాడు.

ఇవాళ పన్నెండున్నరకి, ఫ్యాను మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఫ్యాను స్విచ్చి అనుకుని సర్వరు స్విచ్చి కట్టేశాడు. మళ్ళీ వేశాడు, పాపం. కానీ అలిగిన ఇంటిపెద్ద అంత తేలిగ్గా లేస్తుందా? నల్లటి తెర మీద ఒకే ఒక్క ప్రశ్న వేసుకుని కూర్చుంది. కొన్ని ఫైళ్ళు దెబ్బతిన్నాయి, సరిచేయమంటావా? అవునా, కాదా?

కొత్తమ్మాయి వేలు మీటల మీదే ఆగిపోయింది. అవునంటే చార్టు బాగుపడొచ్చు, లేదా మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. ఫోనులో వెతికితే కొత్త మిషన్ల కబుర్లే వచ్చాయి గానీ ఈ పాతదాని సంగతి ఎక్కడా లేదు. అది ఉన్నది బీరువాలోనే. ఈలోగా మేనేజరు గుమ్మంలోకి వచ్చి, “రెండింటికల్లా చార్టు గేటుకి అంటించకపోతే నలభై బస్సులు కదలవమ్మాయ్. చిన్నదానికి పెద్ద గది ఇచ్చామా అని నేను మళ్ళీ ఆలోచించుకోవాల్సి వస్తుంది,” అని వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి మెట్లు దిగి, రోడ్డు దాటి, ఆయాసపడుతూ కొట్టులోకి వచ్చింది. వెనకే తప్పు చేసిన మొహంతో ఎలక్ట్రీషియన్.

“మావయ్యా, బీరువా తాళంచెవి కావాలి. సర్వరు అవునా కాదా అని అడుగుతోంది, ఏమనాలి?”

బుక్కుల మావయ్య గ్లాసు తిప్పాడు. అంతే, ఇంక కోతలేనని కొత్తమ్మాయికి తెలిసిపోయింది.

“కూర్చోవే అమ్మడూ, కూర్చో. కంగారు పడే వాళ్ళకి మిషను లొంగదు. సరిగ్గా ఇలాగే ఒకసారి కరెంటు పోయింది, అప్పుడు నేనేం చేశానో చెప్తే నీ పనయిపోతుంది. మిషను పడుకుంది. నేను పుస్తకం తీశాను. తీసి, ఆరువందల పధ్నాలుగో పేజీ చదివాను, పదంటే పది నిమిషాల్లో లేచి కూర్చుంది.”

“బాగుంది,” అన్నాడు పాత డ్రైవరు. నమ్మదగ్గ మాటే మరి.

“ఆ మాటేదో చెప్పు మావయ్యా, నేను వెళ్తా,” అంది కొత్తమ్మాయి.

“అక్కడికే వస్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పేజీ నేను కొంచెం గట్టిగా చదివాను. నా గొంతు మీకు తెలుసుగా. కింద గ్యారేజీలో ఆర్నెల్ల నుంచి ఇంజను పట్టేసి మూలనపడి ఉన్న బస్సు, డ్రైవరు లేడు, తాళం లేదు, ఆ చదువు చెవినపడి దానంతటదే స్టార్టయింది!”

“డీజిలుందా అందులో?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“ఉంటే విశేషమేముందయ్యా? చుక్క లేదు! మా మేనేజరు పరుగెత్తుకొచ్చి, ‘గురువుగారూ, మెల్లిగా చదవండి, మిగతావి కూడా బయల్దేరేట్టున్నాయి’ అన్నాడు. సరే అని మనసులో చదవడం మొదలెట్టాను. మనసులో చదువుతుంటే పక్క ఊరి డిపో నుంచి ఫోను. వాళ్ళ సర్వరు నాలుగు రోజులుగా ఉలుకూ పలుకూ లేదట. నాకా తీరిక లేదు. ఏం చేశాను? రిసీవరు తీసి ఆరువందల పధ్నాలుగో పేజీకి ఆనించాను. అంతే. అవతల నుంచి ఏడుపు.”

“ఎవరిది?”

“సర్వరుది. ఆనందబాష్పాలు.”

బల్లలు అదిరేలా నవ్వారు. కొట్టు నడిపే పిన్ని గరిటె పట్టుకుని, “మిషను కన్నీళ్ళు పెట్టుకుంటే షాకు కొట్టదూ?” అంది.

“అందుకేగా పిన్నీ, ముందే అందర్నీ చెప్పులేసుకోమన్నాను.”

కొత్తమ్మాయి గోడ గడియారం చూసింది. ఒంటిగంటకి అయిదు నిమిషాలు తక్కువ. ఆయన గుండీకి ఎర్ర దారం ఊగుతోంది. చెయ్యి చాచితే అందుతుంది. కానీ అది తాళంచెవి ఒక్కటే కాదని ఆమెకి తెలుసు. మేడమీద గది పోయాక ఆయన దగ్గర మిగిలింది ఈ స్టూలూ ఆ దారమే.

“మావయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా, తాళంచెవి...”

“అక్కడికే వస్తున్నానంటే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైనుంచి విమానం. మామూలుగా పోయేదే, మన డిపో నెత్తి మీదికొచ్చి ఆగిపోయింది. ఆకాశంలో, గోడకి మేకు కొట్టి తగిలించినట్టు! పైలటు కిటికీలోంచి తల బయటికి పెట్టి, ‘బుక్కుల మావయ్యగారంటే మీరేనా? మా కంప్యూటరు మొండికేసింది’ అన్నాడు. నేనన్నాను, ‘బాబూ, వరసలో రావాలి, ముందు ఊళ్ళో డిపోలు.’ అతనూ మర్యాదస్థుడే, ‘అలాగేనండి’ అని గాల్లోనే గంటసేపు ఆగాడు.”

“గంటసేపా!”

“గంటా పది. ఆ తర్వాత నేను పేజీ తీసి పైకి చూపించాను. చదవలేదు, చూపించానంతే. విమానం వెనక్కి వెనక్కి వచ్చి, మన ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీద గీత దాటకుండా ఆగింది. సంచులు పట్టుకున్న ముసలాళ్ళు నలుగురు మార్కెట్టు బస్సనుకుని ఎక్కేశారు కూడా.”

“వాళ్ళకి టికెట్లు కొట్టిందెవరు?” అన్నాడొక కండక్టరు.

“నువ్వే! మర్చిపోయావా? కిటికీ పక్క సీటు కోసం నీతో పోట్లాడింది చూడు, ఆ ముసలమ్మ?”

“మరి పైలటుకి టీ ఇచ్చింది నేనే అయ్యుండాలి,” అంది పిన్ని.

“నువ్వే పిన్నీ. పంచదార తక్కువైందన్నాడు. నేనే సర్దిచెప్పి పంపాను.”

పిన్ని గరిటె ఎత్తింది, మావయ్య స్టూలుతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు గానీ నోరు ఆపలేదు. “అదంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఈ సంగతి ఆ పుస్తకాలు రాసిన కంపెనీ వాళ్ళ చెవినపడింది. పన్నెండుగురు కోట్లేసుకుని దిగారు. టేపు పెట్టి నా తల చుట్టుకొలత తీసుకున్నారు. ‘అయ్యా, పన్నెండు వందల అరవై పేజీలు మేం రాశాం గానీ ఆరువందల పధ్నాలుగో పేజీ లోతు మాకే తెలీదు, కాస్త వివరించండి’ అన్నారు. వివరించాను. మూడు పగళ్ళు. నాలుగో రోజు వాళ్ళలో అందరికంటే పెద్దాయన కోటు విప్పి నాకు తొడిగి, చొక్కాతో ఇంటికెళ్ళాడు.”

“ఆ కోటేది?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“చేతులు పొట్టి. ఇచ్చేశాను.”

నవ్వులాగాక కొత్తమ్మాయి మెల్లిగా అడిగింది. “ఆరువందల పధ్నాలుగేనా మావయ్యా? పదమూడో, పదిహేనో కాదుగా?”

“పధ్నాలుగే! నిద్రలో లేపి అడిగినా చెప్తాను.”

“రెండో సంపుటం, ఎడమ చేతివైపు పేజీ?”

“ఆ... ఎడమ చేతివైపే. బాగా పట్టుకున్నావే!”

కొత్తమ్మాయి ఆయన వైపు చూసింది. ఆయన మొహం దీపంలా వెలిగిపోతోంది. ఆ దీపం మీద నీళ్ళు పొయ్యాలంటే చెయ్యి రాలేదు. కానీ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది, గేటు దగ్గర నలభై బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి.

“నేను శిక్షణకి వెళ్ళిన చోట ఈ పుస్తకాలే ఉండేవి మావయ్యా. ఇరవైమందికి ఒకటే సెట్టు, మనిషికో గంట ఇచ్చేవాళ్ళు. పరీక్ష దగ్గరికొచ్చేసరికి మొత్తంలో నాకు అక్షరం పొల్లు పోకుండా వచ్చిన పేజీ ఒక్కటే. ఆరువందల పధ్నాలుగు.”

“చూశారా! నా రక్తం!” అన్నాడు మావయ్య తొడ చరుచుకుని.

“అప్పజెప్పమంటావా?”

“అప్పజెప్పవే, వీళ్ళ చెవుల తుప్పు వదలాలి!”

ఆమె బడిపిల్లలా చేతులు కట్టుకుని నిలబడి అప్పజెప్పింది. “ఈ పేజీ కావాలనే ఖాళీగా వదిలిపెట్టడమైనది.”

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

“ఆ తర్వాత?” అన్నాడు పాత డ్రైవరు.

“ఆ తర్వాతేం లేదు తాతా. అంతే. అధ్యాయం అయిపోయింది, కొత్తది కుడివైపు మొదలవ్వాలని ఆ పేజీ వదిలేశారు. తెల్ల కాగితం, మధ్యలో ఆ ఒక్క ముక్క.”

ముందు ఎలక్ట్రీషియన్ ఫక్కున నవ్వాడు. తర్వాత కండక్టరు బల్ల మీద దొర్లాడు. పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, “మూడు పగళ్ళు వివరించాడే తల్లీ! ఖాళీ కాగితాన్ని!” అంది. పొంగిన పాలు పొయ్యిలోకి పోయినా ఎవరికీ పట్టలేదు.

బుక్కుల మావయ్య గ్లాసులోకి చూశాడు, ఇంటికప్పు చూశాడు, మేనకోడలి మొహం చూశాడు. ఆమె నవ్వడం లేదు. అది చూసి ఆయన గొంతు సవరించుకున్నాడు.

“అది ఖాళీగా ఎందుకుందో తెలుసా మీకు? అన్ని బస్సులు, అన్ని డిపోలు, ఒక విమానం. ఉన్న అక్షరాలన్నీ ఆ రోజు నేను వాడేశాను. ఇంకేం మిగుల్తాయి?”

“అయితే మిగతా పేజీల్లో నాకేమైనా మిగిల్చావో లేదో చూసొస్తాను. తాళంచెవి ఇవ్వు మావయ్యా.”

ఆయన గుండీ దగ్గర ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. పదహారేళ్ళ ముడి కదా.

బీరువా తీస్తే మూడు ఇటుకలూ తళతళలాడుతున్నాయి. మొదటి సంపుటం విప్పితే వీపు పటపటమంది, అట్ట విరగని పుస్తకం చేసే చప్పుడది. మూడోదీ అంతే. రెండోది మాత్రం ఒకచోట దానంతటదే తెరుచుకుంది. లోపల పాత బస్సు టికెట్టు, అక్కణ్ణించి పదకొండు పేజీలు వేళ్ళ మసి పట్టి, టీ మరకలతో మెత్తబడి ఉన్నాయి. హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే అధ్యాయం. తెర మీద ఉన్న ప్రశ్నే అక్కడ అచ్చయి ఉంది, దాని పక్కనే మార్జిన్లో మావయ్య గుండ్రటి రాత. “మొదటిసారి ‘కాదు’ అను. ఏం చెడిందో చూడు. ఫైళ్ళకి నకలు తియ్యి. అప్పుడు అవును అను. నేను తొందరపడి ముందే అవునన్నాను. మూడు రోజులు చార్టు చేత్తో రాసి, అందరికీ క్షమాపణ చెప్పాను.”

కొత్తమ్మాయి ఆ రాతని రెండుసార్లు చదివింది. తర్వాత మీట నొక్కి ‘కాదు’ అంది. నకలు తీసింది. అవును అంది. ఇంటిపెద్ద సణుక్కుంటూ, ఆవులిస్తూ లేచింది.

రెండింటికి ఎనిమిది నిమిషాలుందనగా ఆమె చార్టు గేటుకి అంటించి, కొట్టులోకి వచ్చింది. చేతిలో రెండో సంపుటం ఉంది. మావయ్య స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు, గుండీ దగ్గర దారం లేక ఆయన చొక్కా బోసిగా ఉంది.

“ఏమ్మాయ్, పుస్తకాలు చూశావుగా,” అన్నాడు పాత డ్రైవరు కన్ను గీటుతూ. “మీ మావయ్య అసలేమైనా చదివాడా? నిజం చెప్పు.”

మావయ్య తల ఎత్తలేదు.

“చదివాడు తాతా. పదకొండు పేజీలు. ఇవాళ బస్సులు కదిలేది ఆ పదకొండు పేజీలతోనే.” మార్జిన్లో ఏముందో ఆమె చెప్పలేదు. ఊరికే వదిలితే మాత్రం మేనకోడలెలా అవుతుంది? “మిగతా పన్నెండు వందల నలభై తొమ్మిదీ కొత్తపెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి, చెయ్యి తగల్లేదు.”

బల్లలు మళ్ళీ అదిరాయి. బుక్కుల మావయ్య నెమ్మదిగా నిటారుగా కూర్చున్నాడు. కాలు మీద కాలు వేశాడు. గ్లాసు తిప్పాడు.

“విన్నారుగా?” అన్నాడు. “పదహారేళ్ళు! పుస్తకాన్ని నలగకుండా వాడటమంటే అదీ!”