మా సంగీతం మాస్టారు, గొంతులు మారిన పాట

1994 జూలై 4 ఉదయం మా పాఠశాలలో సంగీత ఉపాధ్యాయులుగా చేరిన మాస్టారు, ప్రధానోపాధ్యాయులు చూపిన కుర్చీలో కూర్చోకుండా, దాన్ని వేళ్లతో తట్టి ఎలా మోగుతుందో విన్నారు. నాటి నుంచి నేటి వరకు వారు కుదురుగా కూర్చోగా మేమెవరమూ చూడలేదు. స్టాఫ్ రూములో అటూ ఇటూ తిరుగుతూ, మేం దిద్దుతున్న జవాబు పత్రాల మీద తాళం వేస్తూ ఉండేవారు.

తొలి సంవత్సరాలలో ప్రార్థన గీతాలకూ వార్షికోత్సవాలకూ పరిమితమైన వారి ప్రతిభ, క్రమంగా బయటి గాయకుల దాకా వెళ్లింది. ఆరేళ్ల క్రితం వారు కట్టిన ఒక ప్రేమపాటకు ట్రాక్, అంటే అసలు గాయకులు విని నేర్చుకోవడానికి ముందుగా పాడి ఇచ్చే నమూనా, మా ఆవిడ పాడింది. ఆమె ఇక్కడే సైన్సు చెప్పేది. మాస్టారు ఆమెను చెల్లెమ్మా అనేవారు. ఆ వరసన నేను బావగారినయ్యాను.

ఆ పాట ఎక్కడా నిలవలేదు. పేరున్న గాయకుడొకరు పాడి, తన గొంతుకు నప్పలేదని ఆల్బమ్‌లోంచి తీసేశారు. తర్వాత తీసుకున్న బ్యాండు కుర్రాళ్లు దాన్ని డ్రమ్ములతో హోరెత్తించి, వాళ్లలో వాళ్లకు పడక విడిపోయారు.

"మీ పాటకి ఏ సంబంధమూ కుదరడం లేదు మాస్టారూ" అని మా ఆవిడ ఏడిపించేది.

"తొందరేముంది చెల్లెమ్మా!" అంటూనే ఇంకెవరికో ఫోను చెయ్యడానికి గబగబా మెట్లు దిగేవారు.

నిరుడు ఆమె మరణించింది. నెల తిరక్కుండా ఒక కొత్త గాయని ఆ పాట కావాలంది. పాట బయటికొస్తే చెల్లెమ్మ గొంతుతోనే రావాలని మాస్టారు పట్టుబట్టారు. పాట విడుదల చేసే కంపెనీ వారు కుదరదన్నారు. ఆ సాయంత్రం వారు మా ఇంట్లో కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నారు.

"కాస్త కూర్చోండి మాస్టారూ."

"కూర్చుంటే ఒప్పుకున్నట్టే బావగారూ. ఇవ్వను. పాట మూలన పడున్నా సరే."

"ఇచ్చెయ్యండి. తను పాడిందే ఇంకొకరు పాడాలని. మీరిలా ఆపారని తెలిస్తే ఇద్దర్నీ కలిపి తిట్టేది."

"వేరే గొంతులో మీరు వినగలరా?"

"వినలేనేమో. అయినా ఇచ్చెయ్యండి."

ఇచ్చారు. ఇప్పుడు బస్సుల్లో, కొట్లలో, మన వరండాల్లో అదే పాట. చరణం మధ్యలో, ఆగకూడని చోట, మా ఆవిడ ట్రాక్‌లో ఊపిరి తీసుకుంది. అప్పటికే ఆమెకు ఆయాసం మొదలైంది. మునుపటి వాళ్లందరూ ఆ చోటు సరిచేసుకుని పాడారు. ఈ అమ్మాయి మాత్రం విన్నది విన్నట్టే నేర్చుకుని అక్కడే ఆగింది. సరిచేద్దామా అని రికార్డింగు వారు అడిగితే, "ముట్టుకోవద్దు" అన్నారట మాస్టారు. జనానికి నచ్చిందీ ఆ చోటే. మన పిల్లలందరూ అక్కడే ఊపిరి తీసుకుంటున్నారు. అది వినిపించినప్పుడు నేను కాసేపు బోర్డు వైపు తిరుగుతాను.

ఈ పదవీ విరమణ వారికి విశ్రాంతినిస్తుందని నేననుకోను. కొత్త బాణీకి ట్రాక్ పాడమని మొన్న నన్నే అడిగారు. నాకు శ్రుతి తెలియదని వారికి మొదటి నుంచీ తెలుసు. "నేర్పుతాను బావగారూ" అన్నారు. సరేనన్నాను. నాకు పాట రావడానికి చాలా సంవత్సరాలు పడుతుంది. అన్ని సంవత్సరాలూ వారు సంపూర్ణ ఆరోగ్యంతో, ఇదే తొందరతో, తమ కుటుంబంతో సంతోషంగా జీవించాలని సహోద్యోగులందరి తరఫున కోరుకుంటున్నాను.